పెట్టెలో గాలి

ఎనిమిది అంగుళాల స్పీకరును ఊరికే చేతిలో పట్టుకుని పాట పెడితే గాయకుడి గొంతు వినిపిస్తుంది, తాళాల టకటక వినిపిస్తుంది, డోలు దెబ్బ మాత్రం రాదు. అదే స్పీకరును ఖాళీ మట్టికుండ మూతి మీద వెల్లకిలా కూర్చోబెడితే డోలు ఒక్కసారిగా గదిలోకి వచ్చేస్తుంది. యాంప్లిఫయర్ మారలేదు, వాల్యూమ్ పెంచలేదు, పాట కూడా అదే. మారింది ఒక్కటే: స్పీకరు వెనుక ఉన్న గాలికి గోడ ఏర్పడింది. క్యాసెట్ల కాలంలో తెలుగు పల్లెల్లో కుర్రాళ్లు డబ్బు పెట్టి పెట్టె చేయించుకోలేక కుండతో పని నడిపించుకున్నారు. ఇంట్లో హై-ఫై తయారుచేసుకునే విద్యలో సగం ఆ కుండలోనే ఉంది.

స్పీకరు నిర్మాణం 1925 నుంచి పెద్దగా మారలేదు. ఆ ఏడాది అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించిన నమూనాయే నేటికీ ఆధారం. అయస్కాంతపు సన్నని సందులో రాగితీగ చుట్ట ఒకటి తేలుతూ ఉంటుంది. దీన్నే వాయిస్ కాయిల్ అంటారు. దానికి కాగితపు కోన్ అంటించి ఉంటుంది. తీగలో కరెంటు అటూ ఇటూ మారినప్పుడల్లా కోన్ ముందుకీ వెనక్కీ కదిలి గాలిని తోస్తుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. కోన్ ముందుకు కదిలితే ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డం లేకపోతే ముందున్న ఒత్తిడి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది, రెండూ చెల్లుకు చెల్లు అవుతాయి. పై స్థాయి శబ్దాలకు ఈ బాధ లేదు. పదివేల హెర్ట్జ్ శబ్దపు అల పొడవు మూడున్నర సెంటీమీటర్లే, కాబట్టి అంచు చుట్టి వచ్చే వ్యవధి దానికి ఉండదు. 50 హెర్ట్జ్ అల పొడవు మాత్రం దాదాపు ఏడు మీటర్లు. అంత పెద్ద అలకు ఎనిమిది అంగుళాల అంచు అడ్డమే కాదు. డోలు దెబ్బ రాకపోవడానికి కారణం ఇదే. ముందు గాలినీ వెనుక గాలినీ విడదీయడమే పెట్టె చేసే మొదటి పని.

కుండ ఆ పనిని బాగానే చేస్తుంది. దానికి మూలల్లేవు. పలకలు కలిసే అంచుల దగ్గర శబ్దం విరిగి చెదిరిపోవడం చెక్క పెట్టెలకున్న పెద్ద లోపం. 1951లో ఆర్‌సీఏ సంస్థకు చెందిన హ్యారీ ఓల్సన్ ఒకే స్పీకరును రకరకాల ఆకారాల పెట్టెల్లో అమర్చి కొలిచి చూపాడు. ఘనం, స్తూపం వంటివాటిలో శబ్దం హెచ్చుతగ్గులతో ఎగుడుదిగుడుగా వస్తే, గోళంలో అన్నిటికంటే నునుపుగా వచ్చింది. పైగా వంపు తిరిగిన కాల్చిన మట్టి గోడ పల్చని ప్లైవుడ్ పలకలా వణకదు. కుండకు లోపాలూ ఉన్నాయి. లోపల గోడలన్నీ మధ్యకు ఒకే దూరంలో ఉండడం వల్ల ప్రతిధ్వని ఒకే స్వరం దగ్గర పోగవుతుంది. అందుకే లోపల దూది పెట్టని కుండలో ప్రతి గొంతూ బావిలోంచి పలికినట్టు ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద లోపం పరిమాణానిది. మూసిన పాత్రలో గాలి స్ప్రింగు లాంటిది. పాత్ర చిన్నదైతే స్ప్రింగు బిరుసు, పెద్దదైతే మెత్తన. స్పీకరు కోన్‌కు స్వతహాగా ఒక స్వరం ఉంటుంది. వేలితో తట్టినప్పుడు అది పలికేది దాన్నే. బిరుసు స్ప్రింగు తోడైతే ఆ స్వరం పైకి జరుగుతుంది. ఎంత పైకి జరుగుతుందో లెక్క వేయవచ్చు. ఇలాంటి లెక్క ప్రకారమే పెట్టె చేయాలని 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ చూపాడు. 1970ల మొదట్లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ దాన్ని పూర్తి పద్ధతిగా మలిచాడు. అంతకు ముందు పెట్టె చేయడమంటే అనుభవం, ఊహ, చెవి. ఆ తర్వాత అది టేపు, మల్టీమీటరు, కూడిక–గుణకారాల పని అయింది. స్పీకరు కొన్నప్పుడు కాగితం మీద కనిపించే మూడు అంకెలు వీళ్ల పేరుతోనే చలామణీలో ఉన్నాయి: కోన్ సహజ స్వరం, కోన్ పట్టీ బిరుసుతనం ఎన్ని లీటర్ల గాలితో సమానమో చెప్పే ఘనపరిమాణం, కోన్ ఊపు ఎంత త్వరగా అణగిపోతుందో చెప్పే క్యూ విలువ.

అమలాపురంలోనో రాజోలులోనో రిపేరు దుకాణంలో కొన్న పేరులేని స్పీకరుకు ఈ కాగితం ఉండదు. అయినా అడ్డంకేం లేదు, కుండ మళ్లీ ఉపయోగపడుతుంది. మొదట స్పీకరును పెట్టె లేకుండా ఉంచి, వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు ఒకటి వరుసలో కలిపి, ఫోన్‌లోని టోన్ యాప్ నుంచి వచ్చే స్వరాన్ని చిన్న యాంప్లిఫయర్ ద్వారా పంపాలి. మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి స్పీకరు రెండు కొసలకు తగిలించాలి. స్వరాన్ని 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే ఒక చోట అంకె గబగబా ఎక్కి మళ్లీ దిగుతుంది. శిఖరం ఉన్న చోటే సహజ స్వరం. అది 45 హెర్ట్జ్ వచ్చిందనుకుందాం. ఇప్పుడు స్పీకరును కుండ మూతికి గాలి చొరబడకుండా బంకమట్టితో అతికి మళ్లీ అదే కొలత తీయాలి. కుండలో ఎన్ని లీటర్లు పడుతుందో అంతకు ముందే నీళ్లు పోసి చూసి ఉండాలి. పదిహేను లీటర్ల కుండలో శిఖరం 90 హెర్ట్జ్‌కు ఎక్కిందంటే స్వరం రెట్టింపు అయిందన్నమాట. రెండు వర్గం నాలుగు, అందులోంచి ఒకటి తీసేస్తే మూడు. మూడును పదిహేనుతో గుణిస్తే నలభై ఐదు. ఆ స్పీకరు కోన్ పట్టీ 45 లీటర్ల గాలితో సమానం. ప్రయోగశాల పరికరం చెప్పే అంకెకు ఇది కాస్త అటూ ఇటూ ఉండవచ్చు, పెట్టె చేయడానికి మాత్రం సరిపోతుంది.

ఇక కుండ ఎందుకు గుమ్మంటుందో తేలిపోతుంది. ఈ స్పీకరు క్యూ విలువ 0.47 అనుకుంటే పదిహేను లీటర్ల కుండలో స్వరంతో పాటు అదీ రెట్టింపై 0.94 అవుతుంది. క్యూ 0.7 దగ్గర ఉంటే దెబ్బ పడి ఆగిపోతుంది, ఒకటికి చేరువైతే దెబ్బ తర్వాత కూడా కోన్ ఊగుతూ ఉంటుంది. దుకాణాల్లో ‘బాస్ బాగుంది’ అని మెచ్చుకునే గుమ్ము చాలాసార్లు ఈ ఊగులాటే. డోలూ, తబలా, బేస్ గిటారూ అన్నీ ఒకే స్వరంతో గుమ్మంటుంటే అది సంగీతం కాదు, ఆ పెట్టె సొంత పాట. ఇదే స్పీకరును 36 లీటర్ల మూసిన పెట్టెలో పెడితే స్వరం ఒకటిన్నర రెట్లే పెరిగి 67 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది, క్యూ 0.7కు వస్తుంది. డోలుకు డోలు, తబలాకు తబలా వినిపిస్తాయి. మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకోవచ్చన్న ఆలోచనను అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో తన చిన్న స్పీకరుతో మార్కెట్లోకి తెచ్చాడు. అప్పటివరకు ఇంటి బాస్ అంటే బీరువా అంత పెట్టె.

36 లీటర్లకు లోకొలత 24, 30, 50 సెంటీమీటర్లు. మూడు కొలతలూ ఒకటి కాకుండా చూసుకోవడం ముఖ్యం. అయస్కాంతం, లోపలి అడ్డకర్రలు ఆక్రమించే చోటుకు మరో లీటరో రెండో కలుపుకోవాలి. చెక్క ఎంపికలో కోనసీమకు తనదైన సమస్య ఉంది. గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠ, వైనతేయల మధ్య, సముద్రం పక్కన ఉన్న ఈ నేలలో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. నగరాల్లో అందరూ వాడే ఎండీఎఫ్ బోర్డు ఇక్కడ రెండు వానాకాలాల్లో అంచుల దగ్గర బొరుగులా ఉబ్బుతుంది. టేకు, పనస పలకలు అందంగా ఉంటాయి, కానీ అఖండ చెక్క ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బుతుంది కాబట్టి అతుకులు నెర్రెలిస్తాయి. మామిడి చెక్క చవకే, పురుగు పడుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, ముప్పావు అంగుళం మందంలో, ఈ పనికి అన్నిటికంటే నమ్మకమైనది. పెద్ద పలకల మధ్యలో ఒక అడ్డకర్ర బిగిస్తే వణుకు తగ్గుతుంది. పెట్టె పూర్తయ్యాక పిడికిలితో తట్టితే ఖాళీ డబ్బాలా మోగకూడదు, గుమ్మాన్ని తట్టినట్టు ‘టక్’మని ఆగిపోవాలి.

మూసిన పెట్టెకు కన్నం శత్రువు. ఫెవికాల్ ఆరాక లోపలి మూలలన్నీ ఎంసీల్‌తో మెత్తాలి, తీగ బయటికి వచ్చే చోటును మరిచిపోకూడదు. పరీక్ష తేలిక. ఫ్యాను ఆపి, అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట మెల్లగా జరుపుతూ, రెండో చేత్తో కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా లోపలికి నొక్కాలి. పొగ నిటారుగా లేస్తే అతుకు బాగున్నట్టు. ఎక్కడైనా పొగ ఉలిక్కిపడితే అక్కడ సందు ఉంది. నొక్కి వదిలిన కోన్ గభాలున కాకుండా మెత్తగా పైకి తేలితే పెట్టె గాలి నిలుపుతోందని అర్థం.

లోపల నింపడానికి దూరం వెళ్లనక్కర్లేదు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచుకు కొదవ లేదు. పీచుపరుపు ముక్క గోడలకు అంటిస్తే గొంతు స్థాయి ప్రతిధ్వనులు తగ్గుతాయి. పీచు ముతక కాబట్టి కింది స్వరాల మీద దాని ప్రభావం తక్కువ, దానికి బూరుగు దూది మేలు. దూది నింపిన పెట్టెలో గాలి ఒత్తుకున్నప్పుడు పుట్టే వేడిని పోగులు పీల్చుకుంటాయి. స్ప్రింగు కాస్త మెత్తబడుతుంది, పెట్టె నిజమైన కొలత కంటే కొంచెం పెద్దదైనట్టు పనిచేస్తుంది. ఏది నింపినా పల్చని మల్లుగుడ్డలో మూటకట్టాలి. విడిపోగు ఒక్కటి వాయిస్ కాయిల్ సందులోకి పోతే చాలు, స్పీకరు గరగరమంటుంది.

రెండో రకం పెట్టెకు కావాలనే కన్నం పెడతారు. సీసా మూతి మీద ఊదితే ‘హూ’ అని పలకడంలో ఉన్న సూత్రమే ఇది. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని వివరించాడు. మెడలోని గాలి ముద్ద బరువు, లోపలి గాలి స్ప్రింగు. రెండూ కలిసి ఒక్క స్వరానికి ఊగుతాయి. పెట్టెకు గొట్టం అమర్చి, ఆ స్వరాన్ని స్పీకరు బలహీనపడే చోటికి సరిపెడితే వెనుక గాలి వృథా కాకుండా ముందుకు వచ్చి తోడవుతుంది. గొట్టంగా బాత్రూముల్లో వాడే పీవీసీ పైపు చక్కగా సరిపోతుంది. నలభై లీటర్ల పెట్టెను 40 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే లోపలి వ్యాసం ఏడు సెంటీమీటర్లున్న పైపు పదమూడున్నర సెంటీమీటర్ల పొడవు కావాలి. మొదట రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి, విని, కోసుకుంటూ రావడం మంచిది. ఈ పద్ధతి క్యూ విలువ 0.4 లోపు ఉన్న స్పీకర్లకే నప్పుతుంది, మిగతావాటికి గుమ్ము ఎక్కువవుతుంది. గొట్టం మూతికి సన్నని ఇనుప జాలీ బిగించకపోతే కొబ్బరితోట పక్క ఇళ్లలో ఎలుకలు దూది మూటలో కాపురం పెడతాయి.

పెద్ద కోన్ ఉన్న స్పీకరు, అంటే ఊఫర్, పై స్వరాలు పలకలేదు కాబట్టి వాటి కోసం ట్వీటర్ అనే చిన్న స్పీకరు కావాలి. దానికి బాస్ వెళ్తే కాయిల్ కాలిపోతుంది. వరుసలో ఒక నాన్-పోలార్ కండెన్సర్ పెడితే కింది స్వరాలు ఆగుతాయి. ఎనిమిది ఓమ్‌ల ట్వీటర్‌కు దుకాణంలో మామూలుగా ఇచ్చే 2.2 మైక్రోఫారడ్ కండెన్సర్ తొమ్మిది వేల హెర్ట్జ్ దగ్గర పని మొదలుపెడుతుంది. ఊఫర్ అప్పటికే అలసిపోయి ఉంటుంది కాబట్టి మధ్యలో గాయకుడి మాటల స్పష్టత పోతుంది. 6.8 మైక్రోఫారడ్ పెడితే మూడు వేల దగ్గర రెండూ కలుస్తాయి. అయితే అంత కిందికి పలకగల ట్వీటర్ ఉండాలి. కలపేముందు ఒకటిన్నర వోల్టుల పెన్‌సెల్‌ను ఊఫర్ కొసలకు ఒక్క క్షణం తాకించి చూడాలి. కోన్ బయటికి దూకితే సెల్ పాజిటివ్ తగిలిన కొసే స్పీకరు పాజిటివ్. రెండు పెట్టెల్లో ఒకదానికి తీగలు తిరగబడితే ఒక కోన్ ముందుకు పోతుంటే మరొకటి వెనక్కి పోతుంది. అప్పుడు చేతిలో పట్టుకున్న స్పీకరు కథే గది మొత్తానికి జరుగుతుంది: బాస్ మాయమవుతుంది.

యాంప్లిఫయర్ విషయంలో మొదట తెలుసుకోవలసింది వాట్ల లెక్క. పెట్టె మీద వెయ్యి పీఎంపీఓ వాట్లు అని రాసి ఉండవచ్చు, కానీ శక్తి వోల్టుల నుంచే రావాలి. కారు బ్యాటరీ పన్నెండు వోల్టులిస్తుంది. ఒక చానల్ అందులో పైకి ఆరు, కిందికి ఆరు వోల్టులు మాత్రమే ఊగగలదు. ఆరును ఆరుతో గుణించి, నాలుగు ఓమ్‌ల స్పీకరుకు రెట్టింపైన ఎనిమిదితో భాగిస్తే నాలుగున్నర వాట్లు. తెలుగునాట రిపేరు బల్లలన్నిటికీ పరిచయమైన ‘4440’ ఐసీకి తయారీదారు సాన్యో చెప్పిన అంకె చానల్‌కు ఆరు వాట్లు. అదీ 13.2 వోల్టుల దగ్గర, శబ్దంలో పదో వంతు వికారం (డిస్టార్షన్) ఉండగా. రెండు చానళ్లను బ్రిడ్జిగా కలిపితే 19. లెక్కా ఐసీ కాగితమూ దాదాపు ఒకే మాట చెబుతాయి, పెట్టె మీది స్టిక్కరు మాత్రం వేరే చెబుతుంది. వాట్ల కోసం ఇంతగా వెంపర్లాడవలసిన అవసరమూ లేదు. ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు, గదిలో హాయిగా వినడానికి ఒకటి రెండు వాట్లే తింటుంది. శబ్దం చెవికి రెట్టింపుగా తోచాలంటే పది రెట్ల శక్తి కావాలి. పది వాట్ల నుంచి ఇరవైకి మారితే పెరిగేది మూడు డెసిబెల్సే.

హై-ఫైకి ‘4440’ కంటే టీడీఏ2030 మెరుగు. పైకీ కిందికీ పద్నాలుగేసి వోల్టుల మీద నాలుగు ఓమ్‌లకు పద్నాలుగు వాట్లు, అరశాతం వికారంతో ఇస్తుంది. ఇంకా కావాలనుకుంటే ఎల్ఎం3886, ఇరవై ఎనిమిదేసి వోల్టుల మీద ఎనిమిది ఓమ్‌లకు 38 వాట్లు. వికారం ఇంత తగ్గడానికి కారణమైన ఉపాయం నది మధ్యలో పుట్టింది. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2న ఉద్యోగానికి వెళ్తూ హడ్సన్ నది మీద ఫెర్రీలో ఉండగా అది తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే సమీకరణాలు రాసుకున్నాడు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి గౌతమి మీద పంటు దాటిన వాళ్లకు ఆ తీరిక ఎలాంటిదో తెలుసు: ఎక్కాక చేయడానికి ఏమీ ఉండదు, బుర్ర మాత్రం నడుస్తుంది. బ్లాక్ ఉపాయం ఇది: బయటికి వచ్చిన శబ్దంలో కొంత వెనక్కి తెచ్చి లోపలికి వచ్చినదానితో పోల్చి, తేడాను తిరగేసి దిద్దడం. తూకం వేసేవాడు ముల్లు చూస్తూ చెయ్యి సవరించుకున్నట్టే. వేల రెట్లు పెంచగల ఐసీని కావాలనే ముప్పై రెట్లకు దించుకుంటే, వదులుకున్న శక్తి అంతా తప్పులు దిద్దడానికి ఖర్చవుతుంది. ఐసీ పక్కన కనిపించే రెండు చిన్న రెసిస్టర్లు చేసే పని ఇదే.

ఐసీ అందరూ ఒకటే కొంటారు. బోర్డు మంచిదా కాదా అన్నది ఎక్కువగా పవర్ సప్లై తేలుస్తుంది. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ డయోడ్ల తర్వాత పైకీ కిందికీ సుమారు పదహారు వోల్టులిస్తుంది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి డయోడ్ల నుంచి సెకనుకు వంద అలలు వస్తాయి, అలల మధ్య పల్లాన్ని కండెన్సర్ పూడ్చాలి. ఒక ఆంపియర్ లాగుతున్నప్పుడు 4700 మైక్రోఫారడ్ల మీద కూడా రెండు వోల్టుల హెచ్చుతగ్గు మిగులుతుంది. వెయ్యి మైక్రోఫారడ్లతో సరిపెట్టిన బోర్డు డోలు దెబ్బ పడ్డప్పుడల్లా ఎందుకు కుంగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను చేత్తో ఎత్తి చూసి కొనడం పాత అలవాటు, అది సరైనదే. ఇనుమూ రాగీ బరువు లేని చోట ఆంపియర్లు ఉండవు.

తయారైన యాంప్లిఫయర్ గుయ్యిమంటే ఆ గుయ్యిని జాగ్రత్తగా వినాలి. లావుగా, 50 హెర్ట్జ్ స్వరంలో ఉంటే ఎర్త్ తీగలు వలయంగా కలిశాయనో, ఇన్‌పుట్ తీగ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోతోందనో అర్థం. దానికి రెట్టింపు స్వరంలో కాస్త కరుకుగా ఉంటే కండెన్సర్ చాలలేదు. ఎర్త్ తీగలన్నీ కండెన్సర్ల మధ్య బిందువు ఒక్కచోటికే వచ్చి కలవాలి. డబ్బా ఇనుపదైతే దాన్ని మూడో పిన్నుకు కలపడం తప్పనిసరి. తడి నేల మీద ఉత్తకాళ్లతో తిరిగే ఇళ్లలో 230 వోల్టులు డబ్బాలోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. సోల్డరింగ్‌లో లెడ్డు వెండిలా మెరుస్తూ తీగ చుట్టూ పాకితే అతుకు గట్టిది. బూడిదరంగు ముద్దలా నిలబడితే అది డ్రై సోల్డర్, ఈ తేమలో ఆరు నెలలకే కరకరలు మొదలవుతాయి.

పెట్టె, యాంప్లిఫయర్ తర్వాత మూడో పరికరం గది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న స్లాబు గది తనంతట తాను 48, 57 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. మూలలో పెట్టిన స్పీకరు ఈ ఊపును మరింత రెచ్చగొడుతుంది. పెట్టెను గోడకు రెండడుగులు ముందుకు జరిపితే ఖర్చు లేకుండా బాగుపడేది చాలా ఉంది. కొబ్బరాకు కప్పిన ఇంట్లో ఈ గుమ్మే ఉండదు, ఆకు కప్పు బాస్‌ను బయటికి వదిలేస్తుంది, పై స్వరాలను పీల్చుకుంటుంది. మండువా లోగిలిలో నడిమి ఆకాశం తెరిచి ఉంటుంది కనుక శబ్దం అటు పోతుంది, చుట్టూ వసారాల్లో మాట మాత్రం తేటగా వినిపిస్తుంది. ఆరుబయట లెక్క పూర్తిగా మారిపోతుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు డెసిబెల్స్ పోతాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఇంటి హై-ఫై పెట్టె పెడితే ఒక వాటు మీద మీటరు దూరంలో ఉన్న 88, ముప్పై రెండు మీటర్లకు 58కి పడిపోయి జనం హోరులో కలిసిపోతుంది. ఇంటి స్పీకరు తిన్న కరెంటులో శబ్దంగా మారేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. మైక్ సెట్టులోని బాకా ఆకారం చిన్న పొరను పెద్ద గాలికి మెల్లగా జోడించి దానికి ఎన్నో రెట్లు రాబడుతుంది, బాస్‌ను వదులుకుంటుంది. మైక్ సెట్టుకూ హై-ఫైకీ తేడా నాణ్యతలో కాదు, పనిలో ఉంది.

సంరక్షణ కొద్దిపాటిదే. అంతర్వేది వైపు ఉప్పుగాలిలో స్పీకరు కొసలకు చిలుము పడుతుంది, ఏటా ఒకసారి గీకి మళ్లీ అతకాలి. బోర్డు వెనుక పల్చగా వార్నిష్ పూస్తే రాగిగీతలు నిలుస్తాయి. కోన్ చుట్టూ ఫోమ్ పట్టీ ఉన్న స్పీకర్ల కంటే రబ్బరు పట్టీవి ఈ వాతావరణానికి నయం, ఫోమ్ కొన్నేళ్లకు వేలితో తాకితే రాలిపోతుంది. కాయిల్ కాలినా కోన్ చిరిగినా అయస్కాంతం చెడదు కాబట్టి కొత్త కోన్ వేయించవచ్చు. పనివాడు పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నని పట్టీలుగా కత్తిరించి కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య నాలుగు వైపులా దోపి, కాయిల్‌ను నడిమికి నిలబెట్టి, గమ్ము పూసి ఒక రాత్రి ఆరనిస్తాడు. పొద్దున పట్టీలు లాగేసి, కోన్‌ను రెండు బొటనవేళ్లతో నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఒరుసుకున్న చప్పుడు లేకపోతేనే దుమ్ముటోపీ అంటిస్తాడు.